నల్ల వైరులో కరెంటుండదు

జగిత్యాల
అక్టోబరు 8, 2011

హరీశ్‌కు,

దినాలు అయిపోయాయి. నువ్వు రాకపోవడమే మంచిదైంది. మఫ్టీలో ఇద్దరు పోలీసులు భోజనాలకు వచ్చారు, తెలంగాణ సమ్మె కేసులో నువ్వు దొరుకుతావేమోనని. వాళ్లకూ వడ్డించాము.

ఫోన్ చేయవద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. బస్సులు లేని ఈ సమ్మె రోజుల్లో సిరిసిల్ల గుడ్డ బేళ్లు తెచ్చే బాబా మియా వ్యానే మనకు పోస్టాఫీసు.

దహనం నాడు చెరువు కట్ట మీదుగా వచ్చి, చితి వెలగగానే వెళ్లిపోయావు. నీ అక్క ఎట్లా పోయిందని నన్ను అడగలేదు. అడిగే హక్కు నీకుంది. చెబుతాను.

నువ్వు కరెంటు కంబం మీద మన ఇంటి వైరు కట్టి మల్యాల వైపు వెళ్లిన తెల్లవారి అది. కాలేజీ లేదు, లెక్చరర్లమూ సమ్మెలోనే ఉన్నాము. ముందు గదిలో పేపరు చదువుతున్నాను. కోత అయిపోయి కరెంటు వచ్చింది. రాజలక్ష్మి వెనుక వసారాలో బట్టల మెషిన్ వేసింది. బకెట్ పడిన చప్పుడైంది. పిలిచాను. పలకలేదు. చదువుతున్న వాక్యం పూర్తిచేసి లేచాను.

ఆమె చెయ్యి మెషిన్ అంచుకు అంటుకుపోయి ఉంది. పళ్లు బిగుసుకున్నాయి. మడమలు తడి బండల మీద కొట్టుకుంటున్నాయి. నేను పోయి మెయిన్ తీశాను. అప్పుడు అవి ఆగాయి. అరచేతి తోలు కొంత మెషిన్ అంచున మిగిలింది. దాన్ని నేనే తుడిచాను.

మెషిన్ ముట్టుకుంటే జిల్లుమంటుందని ఆమె ఎండకాలం నుంచి అంటూ ఉంది. మన ఇంటికి ఎర్త్ గుంత లేదు. తవ్వితే బండ తగిలిందని మేస్త్రీ వదిలేశాడు. ఆదివారాలు కోరుట్ల కేబుల్‌లో ‘మీ ఇల్లు - మీ చేతులు’ అనే కార్యక్రమం వస్తుంది, ఆమె ఒక్కటీ వదిలేది కాదు. జలపతి అనే కరెంటు సామాన్ల షాపతను చేస్తాడు. గుంత లేని ఇళ్లలో, సాకెట్ లోపల ఎర్త్ పిన్నును కరెంటు ఉండని నల్ల వైరుకు ఒక వైరు ముక్కతో కలిపితే జిల్లు పోతుందని అతను చూపించాడు. ఆమె మెయిన్ తీసి, స్క్రూడ్రైవర్ పట్టుకొని తానే కలిపింది. జిల్లు పోయింది. వీధిలో అందరికీ చెప్పుకుంది.

ఆ ముక్క ఇప్పుడు నా బల్ల మీద ఉంది. చిటికెన వేలంత.

మెయిన్ మళ్లీ వేయలేదు. నీ చొక్కా ఆ రోజు మెషిన్‌లోనే ఉంది. ఆరేసి పంపుతున్నాను. ఇవేవీ అత్తమ్మకు చెప్పకు.

రామస్వామి


సిరిసిల్ల
అక్టోబరు 16

బావకు హరీశ్ రాసేది,

అంగి అందింది. వాసన చూసిన. వట్టి సబ్బు వాసనే.

చెప్పొద్దన్నవు గని అమ్మకు ఉత్తరం మొత్తం చదివి ఇనిపిచ్చిన. అమ్మ ఏడ్వలే. గుడ్డ నేసే సాంచ బందు చేసి, దాని మీద చెయ్యి ఏసి ఒక్కటే మాటన్నది: “నా బిడ్డను మింగిన కరెంటు, వాని ఇంట్ల ఇంకా ఎలుగుతుందారా?”

బంద్ నాడు కోరుట్ల పోయినం. నేను, మా సాంచల కాడి సమ్మయ్య, ఇంకిద్దరు. జలపతి షాపు షట్టరు సగం దించి ఉన్నది. సమ్మయ్య “జై తెలంగాణ” అని ఒర్రిండు. వాడు గుడ “జై తెలంగాణ” అనుకుంట నవ్వుకుంట బయటికచ్చిండు. చందాకచ్చినమనుకున్నడు. టీవీల కన్న పొట్టిగున్నడు బావా.

ముందుగాల ట్యూబులైట్లు కొట్టినం. షాపంత తెల్లగ పొడి అయింది. ఫ్యాన్ల రెక్కలు వంచినం. ఎనుక వాడు కెమెరా ముందల వైర్లు చూపిచ్చే బల్ల ఉండె, దాన్ని తిరగేసి తొక్కినం. వాడు “ఎందుకన్నా, ఎందుకన్నా” అంటనే ఉన్నడు. చెప్పలే. చెప్తే నీ పేరస్తది.

సమ్మయ్య వాని కుడిచెయ్యి గల్లా పెట్టె మీద పట్టుకున్నడు. నేను సాంచ కట్టెతోని కొట్టిన. ఎండిన మక్కకట్టె ఇరిగినట్టు ఇరిగినయి వేళ్లు. వాడు మూత్రం పోసుకున్నడు. నాకు జాలి రాలే. గా చెయ్యే గదా అక్కకు చూపిచ్చింది.

గిది బయానానే. అసలు ఇంకా ఉన్నది.

హరీశ్


జగిత్యాల
అక్టోబరు 22

హరీశ్‌కు,

కట్టె పట్టుకొని పొమ్మని నేను రాయలేదు.

నిన్న బాబా మియాతో కోరుట్ల వెళ్లాను. జలపతి ఇల్లు షాపు వెనుకే. మోచేతి దాకా పట్టీ ఉంది. భార్య అన్నం కలిపి తినిపిస్తున్నది. నేను ఎవరినో, నా భార్య ఎట్లా పోయిందో చెప్పాను. ముద్ద అతని నోట్లోనే ఆగింది.

“గందుకేనా సార్ కొట్టింది? నేను చందా తక్కువిచ్చిన్నని అనుకున్న.”

“అట్లా కలపడం తప్పని నీకు తెలియదా?” అన్నాను.

“మా కోరుట్లల సగం ఇండ్లకు గుంతలు లెవ్వు సార్. అందరు గిట్లనే కలుపుతరు. నేనేం కొత్తగ కనిపెట్టలే. నల్ల వైరుల కరెంటుండదు సార్. టీవీల నాలికతోని ముట్టి చూపిచ్చిన.”

“ఆ రోజు నల్ల వైరులో ఉంది.”

“గట్లెట్లుంటది? కంబం మీద కట్టెటోనికి తెల్వదా?”

అతను పట్టీ చెయ్యి ఊపుతూ వాదిస్తున్నాడు. నీకొక్కడికే రాస్తున్నాను, హరీశ్. ఆ చెయ్యి నాకు అందేంత దూరంలో ఉంది. దాన్ని పట్టుకొని పిండితే ఎట్లా అరుస్తాడో వినాలనిపించింది. నా చెయ్యి ముందుకు పోయింది కూడా. అతని భార్య చూసింది. గిన్నె కింద పెట్టి మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. నేను నమస్కారం పెట్టి వచ్చేశాను. ఇంటికి వచ్చేదాకా ఆ చెయ్యిని జేబులోనే పెట్టుకున్నాను.

అతని మాట ఒకటి నా వెంట వచ్చింది. రాజలక్ష్మి ఆ ముక్క కలిపింది శ్రావణంలో. అప్పటి నుంచి రోజూ బట్టలు ఉతికింది. అన్ని రోజులు ఏమీ చేయని మెషిన్ ఆ రోజే ఎందుకు చంపింది? పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చెప్పే నా స్నేహితుడు మజర్‌ను వచ్చి చూడమన్నాను. అది తేలేదాకా కట్టె ముట్టుకోకు.

రామస్వామి


సిరిసిల్ల
అక్టోబరు 30

బావా,

తేలేదేముంది? వాడు చెప్పిండు, అక్క చేసింది, అక్క సచ్చింది. నువ్వు సదువుకున్నోనివి, ఎనిమిది తీర్ల ఆలోచన చేస్తవు. నాకు ఒక్కటే తీరు తెలుసు.

సమ్మె ఇడిసిండ్రు గని మా బజార్ల సల్లారలే. మొన్న చౌరస్తాల లాఠీచార్జి అయింది. ఒక పోరని తలకాయ పలిగింది. నా వీపు మీద కర్ర అచ్చు పడ్డది, పడుకుంటె ఇంకా మంట. గిన్ని దెబ్బలు తిన్న ఎనుక ఒక మనిషిని కొట్టుడు పెద్ద పనిగ అనిపిస్తలేదు బావా.

చెప్తున్న ఇను. ఊరి బయట మూతబడ్డ సాంచల షెడ్డున్నది. కరెంటున్నది, మనుషుల్లేరు. సమ్మయ్య ఇనుప కుర్చీ సంపాదిచ్చిండు. షెడ్డుకు వైరింగు చేసేదున్నదని, వానికి తెల్వని మనిషితోని జలపతిని పిలిపిస్తం. కుర్చీకి కట్టి, కాళ్ల కింద నీళ్లు పోసి, కుర్చీకి వైరు పెడ్తం. అక్క ఎట్ల పోయిందో గట్లనే. అచ్చే బంద్ నాడు ఎవడు ఎక్కడ సచ్చిండని ఎవడడుగుతడు?

అమ్మ రోజు అడుగుతుంది, ఎలుగుతుందా అని. ఇంక కొన్ని దినాలే అని చెప్పిన.

హరీశ్


జగిత్యాల
నవంబరు 6

హరీశ్‌కు,

మజర్ వచ్చి చూశాడు. కరెంటు ఆఫీసుకు రిపోర్టు రాయాలి. అందుకోసం ఒక సంగతి కావాలి. ఆ రోజు కంబం మీద మన ఇంటి రెండు వైర్లను నువ్వు ఎట్లా కట్టావు? ఏ వైరు దేనికి? గుర్తున్నంత వరకు రాయి. రిపోర్టు కోసమే.

నీ వీపుకు అత్తమ్మతో కాపడం పెట్టించుకో.

రామస్వామి


సిరిసిల్ల
నవంబరు 11

బావా,

రిపోర్టుల మీద నీకు ఇంకా నమ్మకమేనా?

అయినా అడిగినవు కాబట్టి చెప్త. గాలివానకు మీ వైర్లు రెండు కంబం కాడ తెగి కింద పడ్డయి. నువ్వు బజారుకు పోయినవు. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే “సమ్మెల ఉన్న తమ్మీ, నీకు తెల్వదా?” అన్నడు. నేను నవ్విన. మన సమ్మె మనకే తగిలింది గదా. కోత టైము చూసి నిచ్చెన ఏసి ఎక్కిన.

అక్క కింద నిచ్చెన పట్టుకొని నిలబడ్డది. తిడ్తనే ఉన్నది. “దిగురా కోతీ! కొండగట్టుల నీ అసుంటియి మస్తుగున్నయి, ఆడికి పో, కొబ్బరి చిప్పలన్న దొరుకుతయి” అన్నది. పక్కింటోళ్లు పడి పడి నవ్విండ్రు.

రెండు వైర్లు ఎండకు మాడి ఒక్క తీరుగనే ఉన్నయి. ఏది దేనికి ఉండెనో ఎవరికెరుక? కోతల టెస్టరు ఎలుగదాయె. చేతికచ్చినట్టు కట్టిన. ఉల్టా అయినా ఏమైతది బావా? మా సాంచ మోటరు ఉల్టా తిరిగితే రెండు వైర్లు మార్చి కడ్తం, సక్కగ తిరుగుతది. చిన్నప్పటి సంది చేస్తున్న పని గది. కరెంటచ్చినంక ఫ్యాను తిరిగిందట, బల్బు ఎలిగిందట. తొవ్వల ఉండంగ అక్క ఫోన్ చేసి చెప్పింది, “లైన్‌మన్ల ఉద్యోగం ఇప్పియ్యాల్నారా నీకు?” అని.

అక్కకు నేను చేసిన ఆఖరి పని గదే. గదొక్కటి యాదికొస్తే జర నిమ్మళమైతది.

బంద్ శుక్రారం. జలపతి అస్తనన్నడు. ఎడమచెయ్యితోనే చేస్తడట పని, షాపు మల్ల నిలబెట్టుకోవాల్నట.

హరీశ్


జగిత్యాల
నవంబరు 14

హరీశ్‌కు,

జలపతిని వదిలెయ్. కారణం అడగకు. నీ అక్క పేరు మీద అడుగుతున్నాను. ఇంతవరకు నిన్ను ఏమీ అడగలేదు.

రామస్వామి


సిరిసిల్ల
నవంబరు 15

కారణం లేకుంట ఎట్ల వదుల్తరు? వానికి అమ్ముడుపోయినవా? పెండ్లాం సచ్చి రెండు నెల్లు కాలే, సంపినోని ఇంటికి పోయి నమస్కారం పెట్టచ్చిన మొగోనివి. ఇంక నాకు రాయకు. నిన్ను బావ అని పిలిచేది లేదు.

హరీశ్


బాబా మియా వ్యానులో, సిరిసిల్ల దారిలో
శుక్రవారం

హరీశ్,

ఈ ఉత్తరం ఎవరితోనూ పంపడం లేదు. నేనే తెస్తున్నాను. నోటితో చెప్పలేను. నువ్వు చదివినంతసేపు నీ ఎదురుగా కూర్చుంటాను.

మజర్ మెయిన్ దగ్గర టెస్టర్ పెట్టి చూశాడు. మన ఇంటికి వచ్చే నల్ల వైరులో కరెంటు ఉంది. ఎర్రదాంట్లో లేదు. కంబం మీద రెండూ తారుమారు అయ్యాయి.

సాంచ మోటరుకు వచ్చే మూడు వైర్లలోనూ కరెంటే ఉంటుంది. రెండింటిని మారిస్తే అది తిరిగే దిక్కు మారుతుంది, అంతే. ఇంటికి వచ్చే రెండింటిలో ఒకదాంట్లోనే ఉంటుంది. అవి మారినా బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. ఎవరికీ తెలియదు. కానీ మెషిన్ ఒంటిని నల్ల వైరుకు కలిపిన ఇంట్లో, ఆ నల్ల వైరులోకే కరెంటు వస్తే, మెషిన్ అంతా కరెంటే.

జలపతి చెప్పిన ముక్క లేకపోతే నువ్వు కట్టిన వైరు ఆమెను చంపేది కాదు. నువ్వు కట్టిన వైరు లేకపోతే ఆ ముక్క ఆ రోజు చంపేది కాదు. ఎవరిది ఎక్కువ అని నన్ను అడగకు. నేను లెక్క వేసి చూశాను. తేలలేదు. ఆమె టీవీలో అతణ్ని నమ్మింది, కంబం మీద నిన్ను నమ్మింది.

ఇది నీకు చెప్పకుండానే బతుకుదామనుకున్నాను. నువ్వు జలపతిని వదిలేసి ఉంటే బతికేవాణ్ని కూడా. నువ్వు అతణ్ని చంపుతుంటే ఇది జేబులో పెట్టుకొని కూర్చోలేను.

చదివాక ఒంటరిగా ఎక్కడికీ పోకు. ఎవరినైనా కొట్టాలనిపిస్తే నేను ఎదురుగానే ఉన్నాను.

రామస్వామి


సిరిసిల్ల, పెద్దాసుపత్రి
డిసెంబరు 3

బావా,

దవడకు తీగలు కట్టిండ్రు. మాట్లాడరాదు. అందుకే రాస్తున్న. మంచానికి ఒక కానిస్టేబులు కావలున్నడు. కాయితం వాడే ఇచ్చిండు.

నిన్ను కొట్టిన. మొకం మీద కొట్టిన, కింద పడ్డంక కడుపుల తన్నిన. నువ్వు చెయ్యి అడ్డం పెట్టలే. అద్దాలు పలిగి నీ కనుబొమ్మల దిగినయి. అమ్మ మీద పడి ఆపింది. అప్పుడు నెత్తురు చూసినంక యాదికచ్చింది, షెడ్డుల జలపతి ఉన్నడని. ఎట్ల ఉరికిన్నో నాకే తెల్వదు.

వాన్ని కుర్చీకి కట్టిండ్రు. నోట్ల గుడ్డ కుక్కిండ్రు. కాళ్ల కింద నీళ్లు. సమ్మయ్య “నీ కోసమే ఆగినమురా. నీ అక్క గదా, స్విచ్చి నువ్వే ఎయ్యాలె” అన్నడు. నేను పోయి ఫీజులు పీకి బయటికి ఇసిరేసిన. “వీడొక్కడు సంపలే, నేను గుడ సంపిన” అన్న. వాళ్లకు సమజ్ గాలే. సమ్మయ్య ఏమన్నడో తెలుసా? “వానికి అమ్ముడుపోయినవా?” అన్నడు. నేను నీకు రాసిన మాటే.

గా ఎనుక వాళ్లందరు ఒక్కటి, నేనొక్కన్ని. అదే సాంచ కట్టె. పక్కబొక్కలు ఇరుగుతుంటె లోపలికెల్లి ఇనబడ్డది. సచ్చిన్ననుకొని పోయిండ్రు.

పాక్కుంట పోయి జలపతి ఎడమచేతి తాడు ఇప్పిన. మిగిలినయి వాడే ఇప్పుకున్నడు. లేచి నిలబడి నన్ను చూసిండు. కట్టె కిందనే పడి ఉండె. ఎడమచేతితోని తీసిండు. ఒక్కటే దెబ్బ ఏసిండు. దవడ ఇరిగింది గా దెబ్బకే. ఇంకోటి ఏస్తడని కండ్లు మూసుకున్న. ఎయ్యలే. కట్టె పారేసి, రోడ్డు మీదికి పోయి ఒర్రి మనుషుల్ని పిలుసుకచ్చిండు. వాడు పిలువకుంటె నేను గాడనే పోదును. దవడ సంగతి పోలీసులకు చెప్పలే. చెప్ప. నువ్వు గుడ చెప్పకు.

మొన్న అమ్మ అచ్చి మల్ల అడిగింది, “వాని ఇంట్ల ఇంకా ఎలుగుతుందారా?” అని. రాసి ఇద్దమంటె అమ్మకు సదువు రాదు. అవునని తల ఊపిన. అమ్మ నా మొకం దిక్కు చాన సేపు చూసింది. నీ ఉత్తరంల ఏమున్నదో అమ్మకు ఇంకా తెల్వదు. తీగలు ఇప్పినంక నా నోటితోనే చెప్త. అమ్మ ఏం చేస్తదో తెల్వదు. ఏం చేసినా సరే.

ఒక్కటడుగుత. కంబం మీద వైర్లు గట్లనే ఉన్నయా? ఎవ్వరితోని ముట్టియ్యకు. కేసు సంగతి తేలి బెయిలు దొరికినంక నేనే అచ్చి ఎక్కి సక్కగ చేస్త.

హరీశ్


జగిత్యాల
డిసెంబరు 9

హరీశ్‌కు,

కనుబొమ్మ కుట్లు విప్పారు. అద్దాలు కొత్తవి చేయించుకున్నాను.

మొన్న ఆదివారం జలపతి టీవీలో కనిపించాడట. మన ఇంట్లో కరెంటు లేదు కాబట్టి నేను చూడలేదు, పక్కింటివాళ్లు చెప్పారు. ఆ ముక్క పెట్టుకున్నవాళ్లు వెంటనే తీయించుకోవాలని, బండ ఉన్నా సరే తెలిసినవాళ్లతో ఎర్త్ గుంత వేయించుకోవాలని చెప్పాడట. స్క్రూడ్రైవర్ అతని భార్య పట్టుకుందట. ఎందుకో మాత్రం చెప్పలేదట.

అత్తమ్మకు నువ్వే చెప్పు. ఆ రోజు నేను కూడా వస్తాను. ఈసారి ఎదురుగా కాదు, నీ పక్కన కూర్చుంటాను.

వైర్లు అట్లానే ఉన్నాయి. మెయిన్ తీసే ఉంది. కందిలి పెట్టుకుంటున్నాను, ఇబ్బంది లేదు. లైన్‌మన్ ఇప్పటికే ఇంటికి వచ్చాడు, కొన్ని రోజులు ఆగమన్నాను. నువ్వు కంబం ఎక్కవద్దు. అతనే ఎక్కుతాడు, అది అతని పని. నీ బెయిలు అయ్యాకే అతణ్ని పిలుస్తాను.

అతను ఎక్కినప్పుడు కింద నిచ్చెన ఒకరు పట్టుకోవాలి. రాజలక్ష్మి నిలబడిన చోట నువ్వు నిలబడు.

బావ